ప్రొఫెసర్లకు అరుగు

డెబ్బైల చివర్లో మదనపల్లె బయట గుట్ట మీద కొత్త యూనివర్సిటీ క్యాంపస్ కడుతున్నప్పుడు, లెక్చరర్ల క్వార్టర్స్‌కు ప్లాన్లు గీసినవాణ్ణి నేను. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నాది పుంగనూరు. మా వైపు ఇంటికి అరుగు లేకపోతే, వచ్చిన మనిషిని లోపలికి పిలవాలా, బయటినుంచే పంపాలా అన్నది తేలదు. అందుకే ప్రతి ఇంటి ముందూ అరుగు గీశాను. మా ఇంజనీరు ఎర్ర పెన్సిల్‌తో పన్నెండు ఇళ్లకూ కొట్టేశాడు.

“పీహెచ్‌డీలు చేసినవాళ్లు అరుగు మీద కూర్చుని బీడీలు తాగుతారటయ్యా?” అన్నాడు నలుగురి ముందు. ఆ నలుగురూ నవ్వారు. ఎవరు ఎంతసేపు నవ్వారో నాకింకా గుర్తుంది.

మర్నాడు మళ్లీ గీశాను. వాన నీళ్లు పునాదిలోకి దిగకుండా ఇంటి చుట్టూ వేసే సిమెంటు గట్టును మా కాగితాల్లో ప్లింత్ ప్రొటెక్షన్ అంటారు. మామూలుగా అది బెత్తెడు ఎత్తు కూడా ఉండదు. నేను ముందువైపు దాన్ని మోకాలెత్తు లేపి, రెండడుగుల వెడల్పు చేసి, పైన కుప్పం రాతిబండ పరచాలని రాశాను. ఇంజనీరు ఆ పేరొక్కటే చదివి సంతకం పెట్టాడు. కొలతలు చదివే అలవాటు ఆయనకు లేదు.

మేస్త్రీ ప్లాను చూసి, “ఇది అరుగు గదప్పా?” అన్నాడు.

“కాదు, ప్లింత్ ప్రొటెక్షన్.”

“మా ఇంటి ముందర గూడా ఒగటి ఉండాది. మా నాయన పొద్దంతా దానిమిందనే పండుకోనుంటాడు. దానికింత పేరుందని ఆయప్పకు తెలీదు, పాపం.”

ఇళ్లు లేచాక ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. పగలగొట్టమంటే పన్నెండు అరుగులూ పోతాయి, వాటితో నా ఉద్యోగమూ పోతుంది. ఆయన ఎండలో గుట్టెక్కి వచ్చి, ఆయాసంతో మొదటి ఇంటి ముందు ఆ బండ మీదే కూలబడ్డాడు. ఆ ఇంట్లో అప్పటికే లెక్కల లెక్చరర్ కుటుంబం దిగింది. ఆ లెక్చరర్ భార్య మజ్జిగ తెచ్చింది.

“ఈ అరుగు ఎవరు పెట్టించినారో గానీ సార్, పుణ్యం కట్టుకున్యారు. సాయంత్రమైతే మేమందరం ఈడనే ఉంటాము.”

ఇంజనీరు పక్కన నిలబడ్డ నా వైపు చూశాడు. తర్వాత బండను చేత్తో తడిమాడు.

“నేనే చెప్పి పెట్టించానమ్మా. ఇక్కడివాళ్ల అలవాట్లు చూసుకుని కట్టాలి కదా.”

నోరు తెరిస్తే, ఆయన కొట్టేసినదాన్ని దొంగపేరుతో కట్టించానని నేనే ఒప్పుకోవాలి. ఆవిడ ఆయనకు రెండో గ్లాసు పోసింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. ఆ బండ మీద ఇంకా ముగ్గురికి చోటుంది.