మాస్టారి ఎడమ చెయ్యి

మా చర్చిలో హార్మోనియం వాయించే మాస్టారు పోయారు. పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నాన్నగారు లేరండి. సాయంత్రం సమాధి పాట మీరే చూసుకోవాలి" అంది. ఆయ్ అన్నాను.

హార్మోనియం అన్నాను గానీ, అసలుది ఏనాడో పోయింది. గోదావరి వరద చర్చిలోకి వచ్చినప్పుడు నానిపోయింది. రాజోలులో బాగుచేసేవాళ్ళు దొరకలేదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. అల్లుడు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లో సింథసైజర్ సాఫ్ట్‌వేర్ వేయించుకుని, ఆ పాత హార్మోనియం గొంతును మళ్ళీ తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

రెండు స్వరాలను వెంట్రుకవాసి తేడాతో కలిపేవారు. వాటి వెనక తిత్తిలోంచి కారే గాలిలాంటి రొద పెట్టేవారు. ముందు వరసలో కూర్చునే మామ్మగారికి వినిపించేవారు.

"ఇదేనాండీ?"

"మన దానికి దగ్గుండేదయ్యా. ఇది కుర్రపిల్లలా పాడతంది."

ఆయన నవ్వేసి, దగ్గు చేర్చడానికి ఇంటికెళ్ళేరు. పై ఆదివారం మామ్మగారు విని, "ఆఁ, ఇప్పుడొచ్చింది ముసల్దానికి ఆయాసం" అన్నారు.

వాయించేటప్పుడు కుడి చెయ్యి లాప్‌టాప్‌కి తగిలించిన కీబోర్డు మెట్ల మీద, ఎడమ చెయ్యి పక్కనున్న చిన్న గుండ్రటి మీట మీద ఉండేవి. మీట తిప్పితే ధ్వని పొంగేది, తగ్గేది. చూపు మాత్రం మా మీదే. మేం ఊపిరి తీసుకునే చోట ఆయన చెయ్యి తగ్గేది. నా కీచు గొంతును కూడా ఆ చెయ్యే కాపాడింది. సమాధి పాటలో మూడో చరణం చివర మామ్మగారికి ఊపిరి అందేది కాదు. అక్కడ మీట ఆగేది, అందరం ఆగేవాళ్ళం. "తాళం కోసం మనిషిని వదిలేస్తామేంటండీ" అనేవారు. మామ్మగారు పోయాక కూడా ఆయన అక్కడ ఆగడం మానలేదు. మేమెవరం ఎందుకని అడగలేదు.

జబ్బు ముదిరాక ఆ పాటను వాయించి, మీట కదలికతో సహా లాప్‌టాప్‌లో దాచారు.

"ఇప్పుడెవరికండీ ఇది?" అన్నాను.

"ముందు నాకే కావాలేమోనండి."

ఆయన పోయిన సాయంత్రం అదే పెట్టాం. గాలి, దగ్గు, అన్నీ ఉన్నాయి. కానీ అది మమ్మల్ని చూడటం లేదు. ఏడుపుతో మా గొంతులు వెనకబడ్డాయి. అది ఆగకుండా ముందుకెళ్ళిపోయింది. అందుకోబోతే ఇంకో చోట తగ్గింది. రెండో చరణంలో ఆడవాళ్ళు మానేశారు, తర్వాత మగవాళ్ళు. నేనొక్కణ్ణే కాసేపు లాగి మానేశాను. పాట లేకుండా ఎవరినీ సాగనంపని ఊరు మాది. ఆయన్ని మాత్రం పాట లేకుండానే భుజాలకెత్తుకున్నారు. మళ్ళీ కలిసి పాడతామన్న నమ్మకం నాకు లేదు.

అందరూ గుమ్మం దాటుతుంటే, లాప్‌టాప్ ఆపడానికి నేను వెనక్కి వెళ్ళాను. ఎవరూ పాడని పాటకి తెర మీద మీట బొమ్మ దానంతటదే తిరుగుతోంది. మూడో చరణం చివరికి వచ్చింది.

అక్కడ ఆగింది.