గుర్రాల బాబాయి వెయ్యని వేలిముద్ర

గుర్రాల బాబాయి పోయాడని మొన్న ఆదివారం పొద్దున ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. నేను "సరే" అని పెట్టేశాను. సరే ఏమిటో, అలా ఎందుకన్నానో నాకే అర్థం కాలేదు. రెండు నిమిషాలాగి మళ్ళీ నేనే చేసి, ఏమైంది, ఎప్పుడు, మట్టి ఎన్నింటికి అని ఒకదాని మీద ఒకటి అడిగాను. జ్వరమట, నాలుగు రోజులట. ఆ పిల్లాడు ఓపిగ్గా చెబుతుంటే నేను వింటున్నానో లేదో కూడా తెలియలేదు. ఆయన్ని తలుచుకుని ఏడవాలో, ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలో తేల్చుకోలేకే ఇది రాస్తున్నాను.

పర్చూరు ఎమ్మార్వో ఆఫీసులో నాకు ఉద్యోగమొచ్చిన కొత్తలో ఆయన పక్కవాటాలో అద్దెకు దిగాను. వీధంతా ఆయన్ని గుర్రాల బాబాయనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. వాళ్ళ నాన్న జట్కా తోలేవాడట. ఆటోలొచ్చి జట్కాలు మూలపడ్డాక బాబాయి పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పేవాడు. దానికి పుట్టిన పిల్లల్ని పెంచి, పని నేర్పి, చీరాల, ఒంగోలు బ్యాండుమేళాల వాళ్ళకు అమ్మేవాడు. గుర్రాలని పేరే గానీ, నేనెరిగిన కాలంలో ఆయన దగ్గర నిలిచి ఉన్నది ఒక్కటే, తెల్లటి ఆడగుర్రం. దాని పిల్లలు ఎదగ్గానే అమ్ముడుపోయేవి.

మొదటిరోజు దాని పక్కనుంచి బిందెతో పోబోతే ఆపాడు. "ఆగమ్మాయ్, నువ్వెవరో చెప్పనీ" అని, దాని చెవి దగ్గరికి పోయి, "ఇదిగో, ఈ అమ్మాయి ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసుద్ది, మన పక్కింట్లో దిగింది" అని వివరంగా చెప్పాడు. నాకు నవ్వాగలేదు. "గుర్రానికి ముందు మనమెవరో చెప్పుకోవాలి, తర్వాతే చెయ్యి చాపాలి" అన్నాడు. ఆయన ఎప్పుడూ వేళాకోళానికి అన్నట్టు కనపడడు. అందుకే ఏది నమ్మాలో తెలిసేది కాదు.

నానబెట్టిన ఉలవలు దానికి పెట్టేముందు నాలుగు తన నోట్లో వేసుకుని, పులిశాయేమోనని చూసేవాడు. పిల్లగుర్రాలకు పని నేర్పేది పిన్ని, అంటే ఆయన భార్య. అవి మేత మేస్తుంటే ఆవిడ పక్కన నిలబడి సత్తుపళ్ళాన్ని గరిటెతో టంగుటంగున కొట్టేది. బ్యాండు మోతకూ టపాకాయలకూ బెదరకుండా అలా అలవాటు చేస్తారట. "పరిగెత్తడం దాని పుట్టుకలోనే ఉందమ్మాయ్, నిలబడ్డమే మనం నేర్పాలి" అనేవాడు బాబాయి. ఆ పళ్ళెం మోతకు నా మధ్యాహ్నం నిద్ర పాడయ్యేది. అది లేక ఇప్పుడు ఎన్ని నిద్రలు పడుతున్నాయో లెక్కే లేదు, ఒక్కటీ ఆ చెడిన నిద్రంత హాయిగా లేదు.

తుఫాను వచ్చిన ఏడు ఆ గుర్రం నిండు చూడితో ఉంది. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. నల్లరేగడి నాని నాని, నాలుగో రోజు తెల్లవారి చావిడి మట్టిగోడ దాని మీద పడింది. వీధిలో మగవాళ్ళంతా కలిసి గోడ తీసేసరికి అయిపోయింది. కడుపులో పిల్ల కూడా దక్కలేదు. నష్టం రాయించాలంటే పశువుల డాక్టరు వచ్చి చూసేదాకా ఉంచాలి బాబాయ్ అని నేను మొత్తుకున్నాను. వింటేనా? వాళ్ళింట్లో గుర్రం పోతే ఎండ ముదరకముందే పూడ్చాలి, తోలు వలవనివ్వకూడదు, అది వాళ్ళ ఆనవాయితీ. లాడాలు మాత్రం ఊడదీసుకుని, తనే గొయ్యి తవ్వి, పూడ్చేశాడు. నేను అక్కడే మోకాటి లోతు బురదలో నిలబడి చూశాను.

నష్టాలు రాసే పని మా ఆఫీసుదే. మా వీధి నా వంతుకొచ్చింది. మాకిచ్చిన కాగితంలో ఆవులు, గేదెలు, ఎద్దులు, గొర్రెలు, మేకలు, కోళ్ళు ఉన్నాయి. గుర్రం లేదు. పెద్ద గుమాస్తాగారిని అడిగితే, "ఊరేగింపు జంతువుకి నష్టపరిహారం ఏంటమ్మా? పోనీ పాపం అంటావా, ఎద్దుల్లో కలిపెయ్యి, పని జరుగుద్ది" అన్నారు. పూడ్చడం నేను కళ్ళారా చూశాను కాబట్టి సాక్షిగా సంతకం పెట్టి, ఎద్దు ఒకటి అని రాశాను. ఎంత తెలివైన పని చేశానో అని ఆ పూట మురిసిపోయాను కూడా.

పెళ్ళిళ్ళ కాలంలోపు ఆ సాయం అందితే ఒక పిల్లగుర్రాన్ని తెచ్చుకోవచ్చని వాళ్ళిద్దరూ ఎదురుచూశారు. పంపిణీ రోజు బడి వరండాలో మా గుమాస్తాగారు పేరు పిలిచి, "ఎద్దు ఒకటి, వేలిముద్ర వెయ్యి" అన్నారు. బాబాయి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకు ఎద్దెక్కడిదండీ?"

"ఎద్దయితే ఏంటి, గుర్రమయితే ఏంటి, వెయ్యి బాబాయ్!" అని వెనక వరసలోంచి ఎవరో కేకేశారు. జనం నవ్వారు.

"గొయ్యి తవ్వి పూడ్చింది నేనయ్యా. ఏం పూడ్చానో నాకు తెలవదా? గుర్రమని రాయండి, వేస్తా" అన్నాడు.

గుర్రానికి గడి లేదన్నారు. అయితే వద్దులెండని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కోపంగా కూడా లేడు. ఆయన కోప్పడి ఉంటే నాకు ఇంత తికమక ఉండేది కాదు.

సాయంత్రం వెళ్ళి, "రాసింది నేనే బాబాయ్, మీ మేలుకోరే రాశాను" అన్నాను. "తెలుసులే అమ్మాయ్. కానీ అది ఎద్దు కాదు గదా" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. పిన్ని లోపల్నుంచి విరుచుకుపడింది. "కాగితం మీద ఏముంటే ఏంటంట? పిల్లొచ్చేది గదా ఇంటికి! ఈయనకి ఇల్లు గడవక్కర్లా?" ఆవిడ అన్నదీ న్యాయమే అనిపించింది. ఆయన అన్నదీ న్యాయమే. ఇన్నేళ్ళూ ఒకపూట ఆవిడ పక్షాన, ఒకపూట ఆయన పక్షాన ఉంటూ వచ్చాను.

పిల్లగుర్రం రాలేదు. ఆ ఏడు చీరాలలో ఒక ఊరేగింపులో ఎవరి గుర్రానికో కళ్ళెం పట్టుకుని నడుస్తూ కనపడ్డాడు. నేను చెయ్యి ఊపాను. నన్ను చూశాడో, చూసీ చూడనట్టు పోయాడో ఇప్పటికీ తెలియదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆఫీసులో పాత ఫైళ్ళు సర్దుతుంటే ఆ తుఫాను సాయం తాలూకు అసలు జీవో చేతికొచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పనిచేసే పశువుల పేర్లలో ఎద్దు పక్కనే గుర్రం కూడా ఉంది. మాకిచ్చిన కాగితం తయారుచేసిన వాళ్ళెవరో, మన పల్లెల్లో గుర్రాలెక్కడివిలే అనుకుని వదిలేసినట్టున్నారు. నేను ఆ జీవో ఒక్కసారి అడిగి చూసి ఉంటే సరిపోయేది. అడగలేదు. జాబితా అప్పటికే మూసేశారు. గుమాస్తాగారికి చూపిస్తే, "అయిపోయిన పెళ్ళికి మేళం దేనికమ్మా" అని ఫైలు కట్టేశారు. బాబాయికి చెబితే ఆయన మాటే నెగ్గిందని సంతోషిస్తాడో, చేతిదాకా వచ్చింది పోయిందని కుమిలిపోతాడో తేల్చుకోలేకపోయాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉండిపోయాను.

ఆ తర్వాత పశుగణన వచ్చింది. మనుషులు చాలక మా ఆఫీసు వాళ్ళనూ వేశారు. ఇవాళ ఎలాగైనా చెప్పెయ్యాలి అనుకుంటూనే బాబాయి గడపెక్కాను. ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. ఆవులు? లేవు. గేదెలు? లేవు. ఎద్దులు? లేవమ్మాయ్. తల ఎత్తకుండా తర్వాతి వరస చదివాను. "గుర్రాలు?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే ఏం చదివానో నాకు తెలిసింది.

బాబాయి తాడు కిందపెట్టాడు. "ఏదీ, ఎక్కడుంది?"

కాగితం ఆయన వైపు తిప్పి చూపించాను. ఆయనకు చదువు రాదు. వేలు లుంగీకి తుడుచుకుని, నేను చూపించినచోట ఆనించాడు.

"ఇదేనా గుర్రమంటే?"

"అదే బాబాయ్."

"పక్కన ఖాళీగా ఉందేంటి?"

"ఎన్నున్నాయో అందులో రాయాలి."

నేను జీవో సంగతి చెప్పబోయి, పెన్ను మూత తీశాను.

"అయితే సున్నా పెట్టు" అన్నాడు. "గుర్రం దగ్గరే పెట్టమ్మాయ్."

నేను సున్నా చుట్టేదాకా ఆయన ఆ వేలు అక్కణ్ణుంచి తియ్యలేదు.