తలుపుకి దూరంగా ఒక సీటు

మా నారిన్ ఊళ్లో విమానం ఎక్కే ప్రతి మనిషికీ సీటు చూసిపెట్టేది జూరకాన్ అక్కే. తను మాత్రం ఇంతవరకూ విమానం మొహం చూడలేదు. బజారు పక్కనున్న టికెట్ల ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. పక్క కుర్చీ నాది. ఏ విమానంలో ఏ సీటు వెనక్కి వాలదో, ఏ కిటికీలోంచి రెక్క తప్ప ఇంకేమీ కనబడదో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. ఆవిడ సీటు పెట్టిన మనిషి దారిలో మారాల్సిన రెండో విమానం అందుకోలేకపోవడమన్నది ఇంతవరకూ జరగలేదు. ఆ మాట రోజుకోసారి నా చెవిన వెయ్యకుండా ఆవిడ ఇంటికి వెళ్లదు.

పోయిన సెప్టెంబర్లో దోరోన్‌బెక్ తాత, కోడలు సైరాగుల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనకి ఎనభై ఒకటో ఏడు. హాంబర్గ్‌లో మనవరాలి పెళ్లి. తాత వచ్చి చేతులు చాపి బాతా ఇస్తే తప్ప, ఆ దీవెన లేనిదే పెళ్లి వద్దని పిల్ల మొండికేసింది. ఇస్తాంబుల్‌లో విమానం మారాలి. మధ్యలో ఉన్నది గంటా పది నిమిషాలు. అది తప్పితే ఇంకోటి మర్నాడే. పెళ్లేమో ఆ సాయంత్రమే.

“తాతా, నాలుగో వరుస పెట్టాను. తలుపు తియ్యగానే దిగిపోవచ్చు,” అంది అక్క.

తాత తెరమీది సీట్ల బొమ్మ మీదికి వంగాడు. “తలుపెక్కడమ్మాయ్?”

“ఇదిగో, ముందు.”

“అంటే నన్ను గడప దగ్గర కూచోబెడతావా?”

“గడపేంటి తాతా! అది ఖరీదైన సీటు. జనం పైన డబ్బు కట్టి మరీ తీసుకుంటారు.”

“చెప్పులు విడిచేచోట కూచోడానికి ఎదురు డబ్బులా? వాళ్లకి ఇంట్లో ఎవరూ బుద్ధి చెప్పలేదేమో. తలుపుకి బాగా దూరంగా ఉన్నదేది?”

“ముప్ఫయ్యో వరుస. పక్కనే మరుగుదొడ్డి.”

“ఆఁ! తోర్ అంటే అదీ. నాకది పెట్టు. కోడలికి తలుపు దగ్గర పెట్టు, టీ పొయ్యాలిగా.”

సైరాగుల్ పైకప్పు వంక చూసింది. “టీ వాళ్లే పోస్తారు మావయ్యగారూ.”

“పోస్తే పొయ్యనీ. నీ చోటు నీదే.”

తోర్‌లో, అంటే గడపకి దూరంగా పెద్దలకుంచే గౌరవ స్థానంలో, కూర్చోవలసిన పెద్దాయన్ని గడప దగ్గర కూర్చోబెట్టిన ఇంటికి మా ఊళ్లో మళ్లీ ఎవరూ విందుకి వెళ్లరు. ఆ సంగతి అక్కకి తెలీక కాదు. అయినా తన పంతొమ్మిదేళ్ల పరువు కళ్లముందు కదులుతోంది. “వెనక కూచుంటే అందరూ దిగాక గానీ దిగలేరు తాతా. అరగంట అక్కడే పోతుంది.”

“పెద్దవాడు లేవకుండా ఎవరు లేస్తారమ్మా?” తాత నిజంగానే ఆశ్చర్యపోయాడు.

అక్క పళ్లు కొరుక్కుంటూ ముప్ఫయ్యో వరుస పెట్టింది.

ప్రయాణం రోజున విమానం పాతిక నిమిషాలు ఆలస్యంగా లేచింది. అక్క టీ ముట్టలేదు, నన్ను ముట్టనివ్వలేదు. “ఆ పిల్ల పెళ్లి ఆపేసిన పాపం నాదే,” అని గొణుగుతూ కూర్చుంది. మధ్యాహ్నానికి సైరాగుల్ ఫోన్ చేసింది.

“అందుకున్నాం అక్కా! విమానం ఆగగానే అందరూ లేచి సంచులు దించేస్తున్నారు. ముందున్న నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో వెనకనుంచి మావయ్యగారి కేక: ‘భోంచేశారు, బాతా కాకుండానే ఎక్కడికర్రా లేస్తున్నారు?’ ఉన్నవాళ్లంతా దాదాపు మనవాళ్లేగా! సంచులు ఒళ్లో పెట్టుకుని ఎక్కడివాళ్లక్కడ కూలబడి చేతులు చాపారు. మావయ్యగారు వండినవాళ్లకీ, తోలినవాడికీ, రెక్కలకీ కూడా దీవెనలిచ్చి ‘ఓమిన్’ అని ముగించారు. అందరూ మొహాన చేతులు రాసుకున్నారు. ఆపైన ఆయన నడుస్తుంటే అడ్డం లేచేదెవరు? అందరికన్నా ముందు దిగింది ఆయనే. నన్ను చూసి, ‘గడప దగ్గరుండి కూడా ఇంకా లేవలేదా?’ అని కసురుకున్నారు!”

అక్క ఫోన్ పెట్టేసి, పకపకా నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. టీ నా చేత పోయించుకుని మూడు కప్పులు తాగింది.

రెండు వారాలకి తాత చాక్లెట్ల డబ్బాతో వచ్చాడు. పెళ్లి బ్రహ్మాండంగా జరిగిందట. మనవరాలు ఆయన్ని తోర్‌లో కూర్చోబెట్టి, బాతా అయ్యేదాకా ఒక్కర్నీ చెంచా ముట్టనివ్వలేదట.

“మరి రెండో విమానంలో?” అంది అక్క ఆత్రంగా. “అక్కడా ఆఖరి వరుసే పెట్టానుగా. బాతా ఇచ్చావా?”

“ఇచ్చాను. ఒక్కరూ కూచోలేదమ్మాయ్. వెనక్కి తిరిగి చూసినవాడు లేడు. అంతమందిలో ఒక్కడికీ ఇంట్లో ముసలివాళ్లు లేరేమో పాపం.” తాత టోపీ సర్దుకున్నాడు. “బాతా సగంలో ఉండగా విమానం ఊడ్చే ఆవిడ ఎక్కింది. ఏ దేశం మనిషో ఏమో. నన్ను చూసి, చీపురు సీటుకి ఆనించి, తనూ చేతులు చాపింది. అందుకని మొత్తం మళ్లీ మొదట్నుంచీ చెప్పాను.”