నా గాలి తుపాకీ, అక్క రేడియో

ఆ రోజుల్లో మానుకోటలో (బస్సు మీద మహబూబాబాద్ అని రాసి ఉండేది, ఎక్కేవాళ్లెవరూ అలా అనేవాళ్లు కాదు) గాలితో పనిచేసే ఏ వస్తువు చెడిపోయినా నా దగ్గరికే వచ్చేది. చేలకు మందు కొట్టే పంపులు, కిరసనాయిలు స్టవ్వులు, సైకిల్ పంపులు బాగుచేసే కొట్లో నేను పనికి కుదిరి రెండేళ్లయింది. వయసు ఇరవై రెండు. గాలి నా మాట వింటుందని గట్టి నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే, ఆ గాలి ఎక్కువగా నా తలలోనే ఉండేదనిపిస్తుంది.

మా అక్క భర్త, అంటే మా బావ, జాతరల్లో బుగ్గల దుకాణం, అంటే బెలూన్లు కొట్టే ఆట పెట్టేవాడు. చెక్కకు రబ్బరు బుగ్గలు కట్టి, గాలి తుపాకీతో కొట్టించేవాడు. ఒక ఏడాది జాతర ముందర తుపాకీలోని స్ప్రింగు విరిగింది. "స్ప్రింగెందుకు బావా, గాలి ముందుగాలనే నింపి పెట్టుకుందాం" అని, మందు పంపు ట్యాంకును రబ్బరు గొట్టంతో తుపాకీకి కలిపాను. ఒక్కసారి నింపితే ముప్పై దెబ్బలు. కాకపోతే మొదటి ఛర్రా, అదే సీసపు గుండు, బుగ్గనూ వెనక చెక్కనూ కలిపి తూట్లు పొడిచేది. ముప్పయ్యోది అలిగిన అల్లుడిలా మెల్లగా బయటికొచ్చి బావ కాళ్ల దగ్గర పడేది. ట్యాంకులో గాలి తగ్గేకొద్దీ జోరు తగ్గుతోందన్నమాట. దానికి విరుగుడుగా, ట్యాంకుకూ తుపాకీకీ మధ్య ఒక ఇత్తడి డబ్బా పెట్టి, అందులో చిన్న స్ప్రింగూ తోలు వాచరూ బిగించి, ఎప్పుడైనా ఒకే కొలత గాలి పోయేలా రెగ్యులేటర్ తయారుచేశాను. మూడు రోజులు అన్నం కూడా దాని పక్కనే తిన్నాను.

ఫలితం అద్భుతం. ముప్పై ఛర్రాలూ ఒకే జోరుతో వెళ్లాయి. ఒకే జోరుతో బుగ్గలకు తగిలి, ఒకే జోరుతో వెనక్కొచ్చాయి. నడిమధ్యలో తగిలితేనే బుగ్గ పగిలేది, లేకుంటే తల ఊపి ఊరుకునేది.

"జర స్క్రూ తిప్పుతా బావా, జోరు పెరుగుతది" అన్నాను.

"ముట్టకు బామ్మర్దీ! గిదే మంచిగున్నది" అన్నాడు బావ. అదే ఊపులో, వరసగా పదికి పది కొట్టినవాళ్లకు రేడియో బహుమతి అని అట్టముక్క రాయించి వేలాడదీశాడు. పక్కన నిజంగానే ఒక రేడియో పెట్టాడు. అది మా అక్కది. అక్కకు ఆ సంగతి తెలియదు.

జాతరలో మొదటి రోజంతా జనం తొందర తొందరగా కొట్టారు, నాలుగైదు పగలగొట్టి వెళ్లిపోయారు. రెండోరోజు పొద్దున బయ్యారం దవాఖానలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. తుపాకీ భుజానికి ఆనించి, సూది వేసే ముందు నరం వెతికినట్టు నిదానంగా చూసి, చూసి, చూసి, కొట్టింది. ఠాప్! మళ్లీ అంతసేపు చూసింది. ఠాప్! ఏడో బుగ్గకు నేను వెనక చెక్క చూశాను, తూటు పడింది! అప్పుడర్థమైంది. నా తోలు వాచర్ పూర్తిగా మూసుకోవడం లేదు. ఆమె ఆగినంతసేపూ ట్యాంకులోంచి గాలి కొంచెం కొంచెం కారి డబ్బాలో జోరు పెరుగుతోంది. బావ ముఖం చూద్దామంటే నాకు ధైర్యం చాలలేదు.

పదోది పగిలింది. జనం ఈలలు వేశారు. నేను నోరు మూసుకోవలసింది.

"ఆగుండ్రి! గిది ఆమె గురి కాదు, నా వాచర్ లీకు!" అని అరిచాను.

నర్సమ్మ కోప్పడలేదు. తుపాకీ నా చేతికిచ్చి, "గట్లనా తమ్మీ? వాచర్ నీదే, లీకు గూడ నీదే. నువ్వొకటి కొట్టు, చూస్తం" అంది.

నేను ఒక కన్ను మూసి, జోరు బాగా పెరిగేదాకా యాభై లెక్కపెట్టి, కొట్టాను. ఛర్రా బుగ్గల్నీ, చెక్కనీ, డేరానీ తప్పించుకుని పోయింది. అవతల సోడాల బండి మీద ఎవరూ అడగకుండానే ఒక సోడా పగిలింది, ముఖం తడిసిన సోడాల అతను చుట్టూ చూశాడు. రేడియో నర్సమ్మ సంచిలోకి వెళ్లింది.

రేడియో రిపేరుకిచ్చానని బావ నాలుగు రోజులు నెట్టుకొచ్చాడు. అయిదోరోజు నిజం తెలిసి అక్క మా ఇద్దరినీ చెరిగేసి, బయ్యారం బస్సెక్కింది. "దవాఖానల కొట్లాట అయితదేమోరా" అని బావ పరేషాన్. సాయంత్రానికి అక్క ఒడినిండా జామకాయలతో దిగింది, రేడియో లేదు.

"ఏమైందక్కా?"

"ఏమైతది? పదికి పది కొట్టిందట గద, ఎట్లడుగుత? అన్నం పెట్టింది. ఒక్కతే ఉంటది పాపం, పాటలినుకోనియ్యి. నువ్వు సోడా కొట్టిన ముచ్చట చెప్పి నవ్వింది. నాక్కూడ నవ్వు ఆగలే."

వాచర్ లీకు నిజమే, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ లీకు జోరును పెంచుతుంది, గురిని పెంచదు. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. "మంచిగ కొట్టినవమ్మా" అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు ఎదురైతే ఇదే చెబుదామనుకుంటాను. కానీ వాడు నన్ను మాట్లాడనిస్తేగా! రెగ్యులేటర్ ఎలా పనిచేస్తుందో ముందు నాకు గంటసేపు వివరించి గాని వదలడు. నేనూ కాదనకుండా కూర్చుని వింటాననుకుంటా.