హైరో బావగారు అరువిచ్చిన గిన్నె

మా వియ్యంకులు హైరో గారు ఈ జూలై మొదటి వారంలో, ఉదయం పూట, తమ ఇంటి ముందు గడ్డి కోస్తూ కుప్పకూలి కన్నుమూశారు. మా అమ్మాయి కీర్తన ఫోన్ చేసి, "నాన్నా, మామయ్యగారు పోయారు. మీరు డ్రైవ్ చేయొద్దు, అమ్మని చేయమనండి," అంది. నేను సరేనని ఫోన్ పెట్టేసి, అప్పటికే కలిపి ఉంచిన కాఫీ తాగాను. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు. ఆప్తుల మరణవార్త పిడుగుపాటులా తాకుతుందని చదువుకున్నాను. నన్ను ఏదీ తాకలేదు. అంత్యక్రియల్లో అందరూ ఏడుస్తుంటే నేను కుర్చీలు సర్దుతూ ఉండిపోయాను. లోపల ఏదో మొద్దుబారిపోయింది.

హైరో గారు కొలంబియాలోని ఇబగే పట్నంలో చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారు. అక్కడ ప్రాణభయం ఏర్పడి, భార్య లూస్‌నీ పసివాడైన కొడుకు ఆంద్రెస్‌నీ వెంటబెట్టుకుని అమెరికా వచ్చారు. ఇక్కడ ఆయన చరిత్ర ఎవరికీ అక్కర్లేకపోయింది. మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్కూల్ బస్సు స్టీరింగ్ పట్టుకున్నారు. అందుకు ఆయన చింతించగా నేను చూడలేదు. "అదే క్లాసు బావగారూ, కింద చక్రాలు వచ్చాయి, అంతే," అనేవారు. మన పిల్లలు ఆ బస్సు ఎక్కుతూ ఆయనకు నమస్కారం పెట్టేవారు. ఇంట్లో మాకు పెట్టరు.

మా కీర్తన ఆంద్రెస్‌ని ఇష్టపడింది. పెళ్ళి మాటల నాడు హైరో గారు నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ భాషలో మనం ఒకరికొకరం ఏమవుతాం?" అని. వియ్యంకులమని చెప్పాను. ఆయన బల్ల చరిచి, "మాకూ ఉంది ఆ మాట, కొన్‌సువెగ్రో. పాపం ఇంగ్లీషువాళ్ళకే లేదు. వాళ్ళకి పెళ్ళితో పని అయిపోతుంది, మనకి అప్పుడే మొదలు," అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆయనకు బావగారిని. పట్టుబట్టి లూస్ గారికి నన్ను 'అన్నయ్యగారూ' అని పిలవడం నేర్పారు.

మా చుట్టుపక్కల కొలంబియా కుటుంబాలు తక్కువే. మా అత్తగారిని చివరి రోజుల్లో కంటికి రెప్పలా చూసుకున్న నర్సు, మా ఇంటి పైకప్పు వేసిన మేస్త్రీ, మా మనవరాలికి అక్షరాలు దిద్దబెట్టిన టీచరు, ముగ్గురూ ఆ దేశంవాళ్ళే. వాళ్ళని జూలై ఇరవైన పార్కులో ఒక్కచోట చూసేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. ఆ రోజు వాళ్ళ స్వాతంత్ర్య దినం. ఆ వేడుకకు పెద్దదిక్కు హైరో గారే. ఇంటి ముందు పసుపు, నీలం, ఎరుపు జెండా కట్టి, పార్కులో కట్టెల పొయ్యి మీద సాంకోచో అనే పులుసు కాచేవారు. వచ్చిన ప్రతివాళ్ళూ అందులో ఏదో ఒకటి వేయాలి. వేయనివాళ్ళకు గరిటె అందదు.

పులుసు ఉడికేలోగా పిల్లలకు ఆ స్వాతంత్ర్యం కథ చెప్పేవారు. పద్దెనిమిది వందల పదిలో బొగోటా నగరంలో ఒక విందు కోసం ఆ ఊరివాళ్ళు స్పెయిన్ దేశపు వర్తకుణ్ణి ఒక పూలజాడీ అరువడిగారట. అతను ఇవ్వనన్నాడు. మాటామాటా పెరిగింది. దుకాణంలో మొదలైన తగవు వీధికీ, వీధి నుంచి ఊరంతటికీ పాకి, చివరికి రాచరికానికే ఎసరు పెట్టింది. "వాడు ఇవ్వడని తెలిసే అడిగారు, అది పై క్లాసు పాఠం," అని నా వైపు కన్ను గీటేవారు. పిల్లలకు మాత్రం, "ఒక్క జాడీ ఇవ్వక రాజ్యం పోగొట్టుకున్నారు. అడిగినవాళ్ళకి లేదనకండి," అని ముగించేవారు.

ఆ మాట ఆయన బతుకంతా పాటించారు. నిచ్చెన, మంచు ఎత్తే పార, చలి జాకెట్లు, ఆయన గ్యారేజీలో ఉన్నదేదీ ఆయన గ్యారేజీలో ఉండేది కాదు. మన ఊళ్ళ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లలకు మొదటి చలికాలం ఆయన జాకెట్లతోనే గడిచేది. తొలి మంచు పడిన ఆదివారం వాళ్ళని ఖాళీ పార్కింగ్ స్థలానికి తీసుకెళ్ళి, కావాలని కారు జారనిచ్చి, మళ్ళీ దారికి తెచ్చుకోవడం నేర్పేవారు. "భయం ఇక్కడ పడేయండి, రోడ్డు మీదకి తీసుకెళ్ళకండి," అనేవారు.

ఇక మా గిన్నె సంగతి. పెళ్ళయిన ఏడు మేము మాంసం తినమని తెలిసి, ఆయన ఉడికిన గుండిగలోంచి కోడి ముక్కలు ఏరి అవతల పెట్టి, పులుసు మాకు వడ్డించి, "చూసుకోండి, ఒక్క ముక్క లేదు," అన్నారు గర్వంగా. మా ఆవిడ మొహం చూసి కీర్తన ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. మరుసటి ఏడు మాకోసం కొత్త గిన్నె వచ్చింది. కర్రపెండలం, పచ్చి అరటికాయ, మొక్కజొన్న పొత్తులు, కొత్తిమీర, అంతే. వేడుక అయ్యాక దాన్ని నా చేతిలో పెట్టి, "మీ ఇంట్లోనే ఉంచండి. మా ఇంట్లో ఉంటే లూస్ ఇందులో కోడిని వండేస్తుంది," అన్నారు.

అప్పటి నుంచి ఏటా జూలైలో ఫోన్ వచ్చేది. "బావగారూ, మీ గిన్నె ఒకసారి అరువిస్తారా?" తన గిన్నెనే అడిగేవారు. వియ్యాలవారి సరసం మనకు మాత్రం చేతకాదా? "ఇవ్వను పొండి," అనేవాణ్ణి. "అయితే స్వాతంత్ర్యం వచ్చేసింది," అని పకపకా నవ్వి, కారేసుకుని వచ్చి పట్టుకెళ్ళేవారు.

ఆయన పోయాక వాళ్ళ ఆచారం ప్రకారం ఇంట్లో తొమ్మిది సాయంకాలాలు ప్రార్థనలు జరిగాయి. అక్కడ మా తెలుగువాళ్ళం ఒక పొరపాటు చేశాం. పోయినవారికి ఋణం ఉండకూడదని మన నమ్మకం కదా. తీసుకున్న వస్తువులన్నీ ఒక్కొక్కరూ తెచ్చి అప్పజెప్పడం మొదలుపెట్టాం. శ్రావణి అనే విద్యార్థిని నడివేసవిలో చలి జాకెట్ చేతిమీద వేసుకుని వచ్చింది. "పోయినోళ్ల వస్తువు ఉంచుకోవద్దంటది మా అమ్మ. డ్రై క్లీన్ చేయించి తెచ్చిన అంకుల్," అంది. నా కారులో గిన్నె కూడా ఉంది.

లూస్ గారు నన్ను గ్యారేజీలోకి పిలిచారు. అది నిండిపోయి ఉంది. "అన్నయ్యగారూ, అందరూ ఎందుకు ఇచ్చేస్తున్నారు?" అన్నారు. ఋణం సంగతి చెప్పాను. ఆవిడ ఆ జాకెట్లకేసి చెయ్యి చూపారు. "ఇన్నాళ్ళూ ఆయన ఊరంతా ఉన్నారనుకున్నాను. మీరంతా కలిసి తెచ్చి ఇక్కడ పడేశారు. ఈ ఏడు పార్కులో పొయ్యి వెలగదు," అన్నారు. నేను గిన్నెను కారులోంచి దింపకుండానే ఇంటికి వచ్చేశాను.

మర్నాడు మావాళ్ళందరికీ ఫోన్ చేశాను. వెళ్ళి మళ్ళీ అడిగి తెచ్చుకోండి అన్నాను. ముందుగా వెళ్ళింది శ్రావణే. "ఆంటీ, జాకెట్ కావాలి," అందట. "ఇంత ఎండలోనా?" అని లూస్ గారు అడిగితే, "చలికాలం రాకుండ పోతదా ఆంటీ," అందట. రెండు రోజుల్లో గ్యారేజీ సగానికి పైగా ఖాళీ అయిందని కీర్తన చెప్పింది.

తొమ్మిదో సాయంకాలం గడిచింది. నిన్న మధ్యాహ్నం లూస్ గారు ఒక్కరే మా ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "అన్నయ్యగారూ, మీ గిన్నె ఒకసారి అరువిస్తారా?" అన్నారు.

నేను లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి చాపాను. ఆవిడ అందుకోలేదు.

"మీరు అనాల్సింది అనలేదు," అన్నారు.

గిన్నె వెనక్కి లాక్కున్నాను. "ఇవ్వను పొండి," అన్నాను.

"అయితే స్వాతంత్ర్యం వచ్చేసింది," అని ఆవిడ గిన్నె తీసుకుని కారు వైపు నడిచారు. అప్పుడు ఏడ్చాను నేను, గుమ్మం పట్టుకుని, చిన్నపిల్లాడిలా.

రేపు జూలై ఇరవై. కర్రపెండలం కొని ఉంచాను. అడగకముందే ఇచ్చిన ఆ చేతులు మళ్ళీ దొరకవు. ఆ లోటు తీరేది కాదని నాకు తెలుసు. బావగారూ, మీ గిన్నె మా ఇంట్లో లేదు. అడిగి పట్టుకెళ్ళారు.