ఇంకో వరుస

మా ఫిజిక్స్ మేడం పోయారని పలమనేరు నుంచి ఆమె చెల్లెలు కార్డు రాసింది. ఆమెను ఎరగనివాళ్లకు కూడా చిత్తూరులో ఆ రోజు జరిగింది చెప్పాలనిపిస్తోంది.

డెబ్బైల్లో తిరుపతిలో మేం డిగ్రీ చదివేటప్పుడు, పాత రేడియోల వాల్యూమ్ నాబ్‌లు ఇరవై ఐదు పోగుచేసి మేడం ఒక యంత్రం చేశారు. గళ్లుగా పేర్చిన స్విచ్చులు, ఒక్కోదానికి ఒక నాబ్; కొన్ని స్విచ్చులు వేసి అక్షరం ఆకారం తెచ్చేవాళ్లం. ‘గ’ అయితే బల్బు వెలగాలి, ‘ర’ అయితే వెలగకూడదు. యంత్రం తప్పు చెప్పినప్పుడల్లా ఆ అక్షరంలోని స్విచ్చుల నాబ్‌లు కొంచెం తిప్పాలి. మెదడులో కణాలూ ఇలాగే, ఒకదాని మాటకు ఒకటి విలువ పెంచుతూ తగ్గిస్తూ నేర్చుకుంటాయని ఆమె నమ్మకం. విసుగొచ్చి నేను అది తప్పు చెప్పకముందే నాబ్ తిప్పబోతే చేతి మీద ఒక్కటి వేసేవారు.

"తప్పు చేయనీ అమ్మీ. చేయకుండా అది యాడ నేర్చుకుంటాది?"

నాలుగో రోజు, మేమెవరం నేర్పని వంకర ‘గ’కి కూడా బల్బు వెలిగింది. గంతులేశాం.

చిత్తూరు సైన్సు ప్రదర్శనలో జడ్జిగా వచ్చిన ప్రొఫెసర్ రెండు స్విచ్చులు చూపించాడు. "ఏదో ఒక్కటే వేస్తే వెలగాలి. రెండూ వేస్తే వెలగకూడదు. నేర్పండి." ఎంత తిప్పినా కుదరలేదు. "కుదరదమ్మా. విదేశాల్లోనే లెక్కలు కట్టి ఈ దారి మూసేసినారు. పిల్లలకు సిలబస్ చెప్పుకోండి" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మేడం లేచి నిలబడ్డారు.

"నిజమే సార్, ఈ ఒక్క వరుస చేయలేదు. స్విచ్చులకూ బల్బుకూ మధ్యలో ఇంకో వరుస నాబ్‌లు ఉంటే చేస్తాది. దానికి ఎట్ల నేర్పాలో నాకింకా తెలీదు. తెలీకపోవడం వేరే, కాకపోవడం వేరే."

బహుమతి రాలేదు. పైగా కాలేజీవాళ్లు ల్యాబ్ తాళం అడిగి తీసేసుకున్నారు. ఆమె యంత్రాన్ని ఇంటికి పట్టుకుపోయారు. ఇప్పుడు పాకాలలో లెక్కలు చెబుతూ, "నాకు రాదు టీచర్" అనే పిల్లతో నేను మాట్లాడేటప్పుడు వచ్చేది ఆమె గొంతే.

పోయినేడాది, ఎనభై ఆరులో, వరుసలు పెంచిన యంత్రానికి నేర్పే పద్ధతి దొరికిందని పత్రికలో చదివి, ఆ కాగితం పట్టుకుని పలమనేరు పరుగెత్తాను. జబ్బుతో చిక్కిపోయిన మేడం ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"మీరే గెలిచినారు మేడం" అన్నాను.

"కనిపెట్టింది నేను కాదు కదా. వదిలిపెట్టమంటే వదల్లేదు, అంతే. ఆ తీగ ఇట్లియ్యి."

మంచం పక్కనే ఉన్న పాత యంత్రాన్ని దగ్గరికి లాక్కుని, సోల్డరింగ్ కడ్డీతో ఆమె రెండో వరుసలో మొదటి అతుకు వేశారు. సన్నటి పొగ కళ్లద్దాల మీదికి లేచింది. ఆమె తల పక్కకు తిప్పలేదు.