నడిమి జత, ముందు సీటు

మా రూమ్‌లో పేకాట డబ్బుకు ఆడలేదు. సీటుకు ఆడాం.

తొంభైల మొదట్లో సంగతి. ఒమన్‌లోని బర్కాలో మా కంపెనీ క్యాంపు ఉండేది. ప్రతి శుక్రవారం పొద్దున్నే కంపెనీ పికప్ మెస్సుకు సరుకులు తేవడానికి మస్కట్ పక్కనున్న మత్రా వెళ్లేది. వెనక మనుషులు కూర్చుంటే పోలీసులు ఊరుకోరు కాబట్టి డ్రైవర్ పక్కనున్న ఒక్క సీటే మాకు దిక్కు. అందులో ఎక్కినవాడికి సముద్రం, సూక్ బజారు, కొత్త మొహాలు, వాటన్నిటికన్నా ముఖ్యంగా సరిగ్గా పనిచేసే ఫోన్. మా క్యాంపు దగ్గరా ఒక ఫోన్ ఉండేది కానీ అది కార్డు మింగడం తప్ప ఇంకో పని నేర్చుకోలేదు.

మొదట్లో అవసరం ఎక్కువున్నవాడే పోవాలన్న పద్ధతి ఉండేది. మంచి పద్ధతే. కాకపోతే గురువారం వచ్చేసరికి అందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు మంచాన పడేవారు. ఒకడి మేనత్త ప్రతి గురువారం చావుబతుకుల్లో ఉండి, శనివారానికి లేచి కూర్చునేది. చివరికి ఎవరి కష్టం పెద్దదన్న దానిమీద నిజంగానే చొక్కాలు చినిగాయి. అప్పుడు రూమ్‌లో పెద్దవాడైన మేస్త్రి కొత్త కట్టుబాటు పెట్టాడు. కారణం ఎవరూ నోరెత్తి చెప్పకూడదు. పేక పత్తాలు చెప్తాయి. సీటు గెలిచినవాడు మాత్రం మిగతావాళ్ల పనులన్నీ అడిగి తెలుసుకుని, మత్రాలో చేసుకుని రావాలి.

మేస్త్రి జగిత్యాల వైపు మనిషి, సెంట్రింగ్ పని. బీడీలతో, సైట్‌లో అరుపులతో ఆయన గొంతు రంపం పెట్టి కోసినట్టు ఉండేది. నేను కాకా అని పిలిచేవాణ్ణి. తీర్పులు చెప్పే పని డ్రైవర్ భాయ్‌ది. కడప మనిషి. ఆయనకు సీటు ఎలాగూ ఉంది కాబట్టి ఆడడు. గురువారం మధ్యాహ్నం సగం డ్యూటీ అయ్యాక మూల స్టవ్ మీద టీ పెట్టి, ఆట చూస్తూ కూర్చునేవాడు. ఆయన టీ దించగానే ఆట బంద్. అప్పటికి ఎవరి ముందు పందెపు ఖర్జూరం గింజలు ఎక్కువుంటే వాడిదే సీటు.

ఆడేది తీన్ పత్తి. మనిషికి మూడు ముక్కలు. ఇందులో నన్ను ఎప్పుడూ ముంచింది నడిమి జత. రాజుల జతో రాణుల జతో వస్తే ధైర్యంగా గింజలు తోస్తాం. రెండ్ల జత వస్తే కాసేపు ఆశపడి పారేస్తాం. ఏడులు, ఎనిమిదులు, తొమ్మిదులు వచ్చినప్పుడే చిక్కు. పారేయడానికి చేతులు రావు, తెగించడానికి గుండె చాలదు. మనం పెంచినప్పుడు ఎదుటివాడు ఊరికే కలిపితే ఏ బాధా లేదు. వాడు మళ్లీ రెట్టింపు చేశాడంటే మన ఎనిమిదులు ఉన్నట్టుండి చిన్నవైపోతాయి. వాడి చేతిలో పెద్ద జత ఉందా, వరస ఉందా, ఒట్టి పొగరు ఉందా అని తల బద్దలు కొట్టుకోవాలి.

ఆ గురువారం నాకు సీటు కావాలి. ఎప్పుడూ కావాలి కానీ, ఆ వారం నిజంగా కావాలి. నేను విమానమెక్కేనాటికి నా భార్య కడుపులో ఉన్న బిడ్డ అప్పటికి మాటలు నేర్చింది. శుక్రవారం పొద్దున బిడ్డను తీసుకుని టౌన్‌లో ఫోన్ దుకాణం దగ్గర కూర్చుంటానని, బిడ్డ "బాపూ" అంటున్నదని నా భార్య రాసింది. నా బిడ్డ గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఈ ముక్క చెప్తే రూమంతా లేచి నన్ను సీట్లో కూర్చోబెట్టేదే. చెప్పకూడదు. కట్టుబాటు.

ఆట చివరికొచ్చింది. స్టవ్ మీద పాలు ఇంకా కాగలేదు. నాకు ఎనిమిదుల జత పడింది. మిగతావాళ్లంతా ప్యాక్ అని ముక్కలు పారేశారు. మేస్త్రీ, నేనూ మిగిలాం. నేను పెంచాను. ఆయన రెట్టింపు చేశాడు. నేను కూజాలోంచి రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ పెంచాను. ఆయన బీడీ చెవిమీద పెట్టుకుని, గింజలు లెక్క కూడా చూడకుండా దోసిలితో తోసి మళ్లీ రెట్టింపు అన్నాడు.

"షో అడుగు, లేకుంటే ప్యాక్ అను తమ్మీ. గట్ల చూస్తె ముక్కలు మారయి" అన్నాడు.

షో అడిగి ఇద్దరి ముక్కలూ తిప్పించాలంటే నా గింజలన్నీ పోయాలి. ఓడితే అక్కడితో సరి. ప్యాక్ అంటే చేతిలో కొన్ని మిగులుతాయి, టీ కాగేలోపు ఇంకో ఆట పడుతుంది, అందులో పెద్ద జత రాకపోతుందా అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఇప్పటికీ తప్పని అనను. ఎనిమిదులు బోర్లించి ప్యాక్ అన్నాను.

భాయ్ టీ దించాడు.

"ఏం భాయ్, అప్పుడే మరిగిందా?" అన్నాను.

"పాలు పొంగితే నీ కోసం ఆగుతాయా అబ్బీ?" అన్నాడు, గ్లాసులు సర్దుకుంటూ.

సీటు మేస్త్రిది. పద్ధతి ప్రకారం ఆయన నన్ను అడిగాడు. "నీకేం పని ఉండె మత్రాల?"

"ఫోన్ చేయాలె కాకా. బిడ్డ మాట్లాడుతదట. ఇప్పటిదాక ఇన్లేదు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పకపోతివి."

"చెప్పొద్దంటివి గదా."

కట్టుబాటు పెట్టినవాడే దాన్ని తప్పితే మళ్లీ మేనత్తలందరూ మంచం పడతారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను నంబర్ చెప్పాను. మర్నాడు పొద్దున ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పికప్ ఎక్కాడు.

నేను శుక్రవారమంతా వంట పేరు చెప్పి గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను. సాయంత్రం పికప్ ఆగగానే ఎదురెళ్లాను.

"మాట్లాడినవా కాకా?"

"మాట్లాడిన. అందరు మంచిగున్నరు. మీ ఇంటామె ఫోన్ బిడ్డ చెవుల పెట్టింది. 'బాపూ' అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఆఁ బిడ్డా అన్న. ఏమనాలె మరి? నేను మీ బాపును గాదు, సెంట్రింగ్ మేస్త్రిని అని చెప్పాల్నా?"

ఆ మీసాల మనిషి గొంతు సన్నం చేసి, బిడ్డ ఎలా అందో నాకు అని చూపించాడు. ఒకసారి కాదు, నేను అడిగినన్ని సార్లు. నాకు కుళ్లు పుట్టింది. ఏ షేకును చూసీ నేను అంత కుళ్లుకోలేదు. నా బిడ్డ మాట విన్న ఆయన కుడి చెవి వైపే చూస్తూ నిలబడ్డాను.

"వచ్చే శుక్రారం మల్ల రమ్మన్న. నువ్వే మాట్లాడుతవని చెప్పిన" అన్నాడు.

"నీకు మత్రాల ఏం పనుండె కాకా?"

"ఐస్‌క్రీం తినబుద్ధయింది" అన్నాడు, తల దించుకుని. "ఇంకో ముచ్చట. నా చేతుల జత లేదు, ఏం లేదు. ఒక్క రాణి ఉండె, అంతే."

"మరెందుకు అంత పెంచినవ్?"

"పెద్ద ముక్కలొస్తె నువ్వు నవ్వుతవ్. ఏం లేకుంటె ఇంకింత నవ్వుతవ్. నడిమి జతొస్తె మంచినీళ్లు తాగుతవ్."

మరుసటి గురువారం ఆటకు ముందే జగ్గు నీళ్లు తాగేసి కూర్చున్నాను. ఏడుల జత వచ్చింది. మేస్త్రి రెట్టింపు చేశాడు. నేను పెంచాను. ఆయన మళ్లీ రెట్టింపు చేశాడు. నోరు ఎండింది, కూజా వైపు చూడలేదు. ఉన్న గింజలన్నీ పోసి షో అన్నాను. ఆయన ముక్కలు తిప్పాడు. ఆరుల జత. పాపం, ఆయనదీ నడిమి జతే.

మత్రాలో సముద్రం పక్కన ఫోన్ డబ్బాలో నిలబడ్డాను. బయట భాయ్ పికప్‌కు ఆనుకుని చూస్తున్నాడు. నా భార్య గొంతు వినపడింది. ఆ తర్వాత చిన్న ఊపిరి.

"బిడ్డా" అన్నాను.

చప్పుడు లేదు. మళ్లీ పిలిచాను, నాకు చేతనైనంత ముద్దుగా. అప్పుడు నా బిడ్డ మొదటిసారి నా చెవిలో మాట్లాడింది. నాతో కాదు, వాళ్లమ్మతో. "బాపు కాదు" అంది.

నా భార్య నవ్వుతూ బతిమాలుతోంది. బిడ్డ ఫోన్ తోసేస్తోంది. కార్డు కరిగిపోతోంది. నాకు ఏడుపొచ్చింది, దాంతో గొంతు పూడుకుపోయింది. ఆ పూడుకున్న గొంతును ఇంకాస్త బొంగురు చేసి, సెంట్రింగ్ కింద నిలబడి కూలీలను పిలిచేటప్పటి మేస్త్రిలా అన్నాను.

"ఆఁ బిడ్డా."

"బాపూ" అంది. ఎంత సంబరంగా అందో.

డబ్బా బయట భాయ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వుకోనీ అనుకున్నాను. ఊరికి పోయేదాకా నేను నా బిడ్డతో మేస్త్రి గొంతుతోనే మాట్లాడాను.